భార్యాభర్తల గొడవలో వలస పాలన ఎక్కడుంది?

మీ ప్రశ్నలో రెండు సందేహాలున్నాయి. వలస పాలన మనుషుల సొంత జీవితాల మీద మిగిల్చిన ప్రభావం గురించి, కథలను ఆధారం చేసుకొని వ్యాసం రాయవలసి ఉందనీ, అయితే మీరు చదివిన కథల్లో తెల్లదొర గానీ తుపాకీ గానీ జెండా గానీ కనిపించక, భార్యాభర్తల గొడవలు, పిల్లల దిగుళ్ళు, ఒంటరి ఆడవాళ్ళ ఆశలు మాత్రమే కనిపించాయనీ రాశారు. వీటిలో వలస పాలనను ఎక్కడ చూడాలన్నది మొదటి సందేహం. ప్రతి గొడవకూ దాన్నే కారణంగా చూపడం న్యాయమేనా అన్నది రెండోది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ కథలను చదువుతూ, తరగతుల్లో చదివిస్తూ వచ్చినదాన్ని కనుక, ఆ రెండో సందేహాన్ని వ్యాసం చివరిదాకా వదులుకోవద్దని ముందే చెబుతున్నాను.

మొదటిదానికి నా సమాధానం ఇది. ఈ కథల్లో దొరను వెతకడం కంటే దొర విడిచిపోయిన కొలబద్దను వెతకడం మేలు. ఒక మనిషి తన ఇంట్లో కూర్చొని తన భార్యను, తన వంటను, తన జుట్టును, చివరికి తన పేరును దేనితో కొలుచుకుంటున్నాడో, ఆ బద్ద ఎవరి చేతుల మీదుగా ఇంట్లోకి వచ్చిందో ఆరా తీయాలి. దానితోపాటు ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు, లేనివారు ఎందుకు లేరు అన్నది కూడా చూడాలి. పన్ను, గని, నిర్బంధ శిబిరం, సరిహద్దు రేఖ వంటివి కుటుంబాల కూర్పునే మార్చివేశాయి కాబట్టి, ఒక్కోసారి వలస పాలన ఇంట్లో ఉన్నవారి మాటల్లో కంటే లేనివారి ఖాళీలోనే ఎక్కువగా కనిపిస్తుంది. నవలకు ఈ చరిత్రనంతా విప్పి చెప్పే వెసులుబాటు ఉంటుంది గానీ కథకు ఉండదు. అందువల్ల మంచి కథకులు దాన్ని ఒక వస్తువులోకి, ఒక పనిలోకి, ఒక్కోసారి ఒక్క మాటలోకి కుదించి పెడతారు. ముందుగా దాన్ని పట్టుకోండి.

నైజీరియా రచయిత చినువా అచెబె 1953లో రాసిన ‘డెడ్ మెన్స్ పాత్’ చాలా చిన్న కథ కనుక దానితో మొదలుపెడతాను. మైకేల్ ఓబీ అనే ఇరవై ఆరేళ్ళ యువకుడు 1949 జనవరిలో ఒక క్రైస్తవ మిషన్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడవుతాడు. ఊరి గుడికీ శ్మశానానికీ నడుమ పూర్వీకులు నడిచే దారిగా ఊరివారు నమ్మే కాలిబాట ఒకటి బడి ఆవరణ గుండా పోతుంటే, దాన్ని కంచె వేసి మూసివేస్తాడు. ఈ కథను సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య ఘర్షణగా చెప్పి వదిలేయడం పరిపాటి. నేను మాత్రం విద్యార్థులను కథ మొదట్లో ఉన్న భార్యాభర్తల సంభాషణ దగ్గర ఆపుతాను. ఉద్యోగం వచ్చిన వార్త వినగానే ఓబీ భార్య నాన్సీ, మిగతా ఉపాధ్యాయుల భార్యలు తనను చూసి అసూయపడతారనీ, తాను ఆ బడికి రాణిలా వెలుగుతాననీ ఊహించుకుంటుంది. అక్కడి ఉపాధ్యాయులందరూ పెళ్ళికానివారేనని భర్త చెప్పేసరికి ఆమె ఉత్సాహం కాసేపు చల్లారిపోతుంది. పాతతరం ఉపాధ్యాయుల పట్ల భర్తకున్న చిన్నచూపు, ఆధునిక పద్ధతుల పట్ల అతనికున్న మోజు ఆమెకు అప్పటికే అంటుకొని ఉన్నాయి. కొత్త దంపతుల ముచ్చట్లలో, కలలో, వలపులో కూడా వాడుకకు వస్తున్నది మిషన్ నేర్పిన భాషే. వారు పెంచిన మందార, అల్లమండ పొదల కంచె ఆ కల రూపమే. బాట మూసిన రెండు రోజులకు ఊళ్ళో ఒక యువతి ప్రసవంలో చనిపోతుంది. మరునాటికి పొదలు పీకివేసి, బడి భవనాల్లో ఒకదాన్ని కూల్చివేసి ఉంటారు. సరిగ్గా ఆ రోజే తనిఖీకి వచ్చిన తెల్ల అధికారి, తప్పు కొంతవరకు ప్రధానోపాధ్యాయుడి తెలివితక్కువ అత్యుత్సాహానిదే అన్నట్టుగా నివేదిక రాసిపోతాడు. ఏ కొలబద్దకు సరితూగాలని ఆ దంపతులు తపించారో ఆ కొలబద్దే వారిని తక్కువ తూచింది. దొర ఈ కథలో చివరి రెండు మూడు వాక్యాల్లో మాత్రమే ఉన్నా, మొదటి పేరా నుంచీ ఆ ఇంట్లో ఉన్నాడు.

జీన్ రీస్ కథ ‘ద డే దే బర్న్డ్ ద బుక్స్’ ఇంకా లోపలికి, భార్యాభర్తల అవమానాల్లోకి దిగుతుంది. ఆమె కరీబియన్ దీవి డొమినికాలో 1890లో పుట్టింది. ఈ కథ అచ్చయింది 1960లో. సాయర్ అనే ఆంగ్లేయుడు దీవి మీద నల్ల, తెల్ల రక్తం కలిసిన చదువుకున్న స్త్రీని పెళ్ళాడతాడు. తాగినప్పుడు అతిథుల ముందు ఆమెను పుట్టుక పేరుతో తిడతాడు, ఆమె జుట్టు పట్టుకొని లాగి, ఇది సవరం కాదు చూడండి అని చూపిస్తాడు. ఆమె ఎదురు చెప్పకుండా, అది హాస్యమే అన్నట్టు నవ్వుతుంది. అతను ఇంటి వెనక ఒక గది కట్టించి, ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న పుస్తకాలతో నింపుకుంటాడు. అతను చనిపోయాక ఆమె ఆ గదిలోకి వెళ్ళి, అమ్మదగ్గవి ఒక పక్కకు, కాల్చదగ్గవి మరో పక్కకు విడదీస్తుంది.

పుస్తకాలు కాల్చడం అనగానే చదువరుల మనసు విలవిలలాడుతుంది. నేను కూడా మొదటిసారి ఆమెను క్షమించలేకపోయాను. మళ్ళీ చదివినప్పుడు గాని, ఆ గది ఆమె ఇంట్లోనే ఉన్న పరాయి దేశమని, అక్కడి అట్టలన్నీ ఆమెకు తన జుట్టు పట్టుకొని లాగిన చేతినే గుర్తు చేసి ఉంటాయని తట్టలేదు. అయితే రీస్ కథను అక్కడితో ఆపదు. కొడుకు ఎడ్డీకి ఆ గది తండ్రి ఆస్తి. అతడు తల్లిని ఆపబోతాడు, ఏడుస్తాడు, చివరికి ఒక పుస్తకం లాక్కొని పారిపోతాడు. ఆ పిల్లవాడే అంతకుముందు, తనకు స్ట్రాబెర్రీలు ఇష్టం లేవనీ, తండ్రి ఎప్పుడూ పొగిడే డాఫొడిల్ పూలు కూడా ఇష్టం లేవనీ తెగేసి చెప్పినవాడు. దీవిలోని తెల్ల పిల్లలందరూ ఎన్నడూ చూడని ఇంగ్లండును ఇల్లు అని పిలుస్తుంటారు, ఆ మాట మీద కథ చెప్పే అమ్మాయికి మొదటి అనుమానం రేపినవాడు ఎడ్డీయే. తండ్రి దేశాన్ని నమ్మలేక, తల్లి కోపాన్ని పంచుకోలేక నలిగిపోయే ఆ పసివాడి స్థితిని ఇంత తక్కువ పుటల్లో చూపిన కథ నాకు మరొకటి తెలియదు. వలస పాలన తరువాతి తరానికి దిగే తీరు ఇందులో స్పష్టంగా ఉంది. తల్లిదండ్రుల్లో ఎవరిని ప్రేమించినా మరొకరికి ద్రోహం చేసినట్టే అనిపించే పరిస్థితిని అది పిల్లలకు వారసత్వంగా ఇస్తుంది.

ఘనా రచయిత్రి అమా అటా ఐడూ దాదాపు ఇదే విషయాన్ని వంటగదిలో నిలబెట్టింది. ఘనా 1957లో స్వతంత్రమైంది. ఆమె కథల సంపుటి ‘నో స్వీట్‌నెస్ హియర్’ 1970లో వచ్చింది. అందులో ఒక కథలో జిరీగూ అనే పెద్దవయసు మనిషి ప్రభుత్వ అతిథి గృహానికి కాపలాదారు, వంటవాడు. తెల్ల అధికారులకు వారి వంటలు వండిపెట్టడంలో అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో అతనికి వండి పెట్టేది భార్య సేటు. స్వాతంత్ర్యం తరువాత కోబినా అనే యువ డాక్టరు అక్కడ దిగి, తనకు తెల్లవారి వంట వద్దనీ, మన తిండి కావాలనీ అడిగేసరికి జిరీగూ తికమకపడిపోతాడు. భార్య వండిపెట్టినప్పుడు అతను మగవాడు. తెల్లవారికి వండినప్పుడు, ఆ సమాజం లెక్క ప్రకారం, ఆడదాని పని చేస్తున్నవాడు. మరి తోటి నల్లవాడికి వండిపెట్టే నల్లవాడు ఎవరు? ఈ ప్రశ్న కోబినా మనసులో మెదులుతుంది. మగతనం గురించిన పాత కట్టుబాటు, కొలువు గురించిన కొత్త కట్టుబాటు ఒకే గరిటెలో ఇమిడి ఉన్నాయి. సహృదయంతో, సమానత్వం కోరి అడిగిన తిండే ఆ వృద్ధుడి గౌరవాన్ని చిక్కులో పెట్టింది. చివరికి జిరీగూ ఆ కుర్ర డాక్టరును, ఇంతకీ స్వాతంత్ర్యం అంటే ఏమిటని అడుగుతాడు. అదే సంపుటిలోని ‘ఎవ్రీథింగ్ కౌంట్స్’ కథలో విగ్గులు ఇలాంటి పాత్రనే పోషిస్తాయి. విదేశంలో ఉన్నప్పుడు విగ్గుకూ విప్లవానికీ సంబంధమేమిటని మగ స్నేహితులతో వాదించిన అధ్యాపకురాలు, దేశానికి తిరిగి వచ్చి తన తరగతిలోని అమ్మాయిలందరి తలల మీదా విగ్గులను చూసి నిర్ఘాంతపోతుంది.

కెన్యా గురించి రాసేటప్పుడు గూగీ వా థియాంగో కథల సంపుటి ‘సీక్రెట్ లైవ్స్’ను, అది 1975లో వచ్చింది, వదలకండి. అందులోని ‘మినిట్స్ ఆఫ్ గ్లోరీ’ నాయిక సొంత పేరు వంజీరు. కానీ క్రైస్తవ నామమైన బియాట్రిస్ మరింత స్వచ్ఛంగా, అందంగా వినిపిస్తుందని ఆమె దాన్నే ఇష్టపడుతుంది. బార్లలో పనిచేసే ఆ అమ్మాయి చర్మం తెల్లబరుస్తుందని చెప్పే క్రీము రాసుకుంటుంది. తెల్లవారు పాలన వదిలి వెళ్ళాక కూడా బారుకు వచ్చే నల్ల మగవాళ్ళ చూపు అదే రంగును వెతుకుతుండడం వల్ల, ఆ క్రీము ఆమెకు అలంకారంగా కంటే బతుకుతెరువుగా మారింది. ఆమెను వెక్కిరించడం తేలిక గనుక, మీ వ్యాసంలో ఆ పని చేయవద్దని కోరుతున్నాను.

అదే సంపుటిలోని ‘ద రిటర్న్’ మరో రకం కథ. వలస పాలన మీద తిరుగుబాటును అణచడానికి కెన్యాలో 1952లో ప్రకటించిన ఎమర్జెన్సీ కాలంలో, ముఖ్యంగా 1954 తరువాత, బ్రిటిష్ ప్రభుత్వం కికూయు ప్రజలను పది లక్షలకు పైగా కంచెలు వేసిన కొత్త ఊళ్ళలోకి తరలించింది. నిర్బంధ శిబిరం నుంచి విడుదలై ఇంటికి నడిచి వస్తున్న కామావుకు ఏటిలో నీళ్ళు పారుతూనే కనిపిస్తాయి గానీ, అతను ఎరిగిన ఊరు ఉండదు. భార్య ముథోనీ, అతను చనిపోయాడని కరంజా అనే ఊరివాడు చెప్పిన అబద్ధం నమ్మి, కరంజాతో వెళ్ళిపోయి ఉంటుంది. శిబిరంలోని హింసను కథ వర్ణించదు. ఒక అబద్ధం నిజంగా చెల్లుబాటు కావడానికి ఎంతటి రాజ్య వ్యవస్థ తోడ్పడిందో మాత్రం చూపుతుంది. మనుషులు మాయమైపోవడం మామూలైన చోట, భర్త చనిపోయాడన్న మాటను కాదనడానికి ఆ ఇల్లాలికి ఏ ఆధారం ఉంటుంది?

ఇప్పుడు మీ రెండో సందేహానికి వస్తాను. దానికి అందరికంటే నిజాయితీగా సమాధానం చెప్పింది బెస్సీ హెడ్ అని నా అభిప్రాయం. ఆమె 1937లో దక్షిణాఫ్రికాలో తెల్ల తల్లికి, నల్ల తండ్రికి పుట్టింది. 1964లో బెచువానాలాండుకు, అంటే ఇప్పటి బోట్స్వానాకు, వలస వెళ్ళి సెరోవే గ్రామంలో స్థిరపడింది. 1977లో వచ్చిన ‘ద కలెక్టర్ ఆఫ్ ట్రెజర్స్’ సంపుటిలోని అదే పేరు గల కథ, భర్తను చంపి జైలుకు వచ్చిన డికెలేడీ అనే స్త్రీ కథ. ఆమె పేరుకు కన్నీళ్ళు అని అర్థం. నాలుగేళ్ళలో ముగ్గురు పిల్లలను కని, భర్త గారెసేగో వదిలేసి పోతే, కుట్లు, అల్లికలు, ఇంటి కప్పులు నేయడం వంటి చేతిపనులతోనే వారిని పెంచుతుంది.

కథ మధ్యలో రచయిత్రి కథనాన్ని ఆపి, ఇలాంటి మగవాడు ఎలా తయారయ్యాడో మూడు కాలాల చరిత్రగా చెబుతుంది. కథలో వ్యాసం చొప్పించిందని కొందరు దీన్ని తప్పుపడతారు. నాకు అది కథకు వెన్నెముకలా కనిపిస్తుంది. మొదటిది వలస పాలనకు ముందు కాలం. పూర్వీకులు ఎన్నో పొరపాట్లు చేశారనీ, మగవాడికి పుట్టుకతోనే పైచేయి ఇచ్చి ఆడదాన్ని తక్కువ జాతిగా చూడడం వాటిలో అతి చేదైనదనీ ఆమె మొహమాటం లేకుండా రాస్తుంది. రెండోది వలస పాలన. బ్రిటిష్ తలపన్ను నగదుగా కట్టాలి కాబట్టి మగవాళ్ళు భార్యాపిల్లలను వదిలి దక్షిణాఫ్రికా గనులకు వెళ్ళారు. అక్కడ ఎంత వయసువాడైనా తెల్లవాడి నోట ‘బాయ్’ అనే పిలిపించుకున్నాడు. పాత కుటుంబం విరిగిపోయింది గానీ దాని స్థానంలో నిలబడేది ఏదీ రాలేదు. మూడోది 1966 తరువాతి స్వాతంత్ర్య కాలం. ఉద్యోగాలు వచ్చాయి, జీతాలు ఒక్కసారిగా పెరిగాయి. పట్టుకొమ్మ ఏదీ లోపల మిగలని మనిషి చేతికి డబ్బు వచ్చింది. ప్రభుత్వ గుమస్తాగా ఉన్న గారెసేగో ఆ డబ్బుతో తాగుడుకు, ఆడవాళ్ళకు మరిగాడు.

ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా డికెలేడీ కథ అర్థం కాదు. వలస పాలనను మాత్రమే పట్టుకుంటే, తండ్రులూ తాతలూ స్త్రీల పట్ల చేసినది మరుగున పడుతుంది. వలస పాలనను తీసేస్తే, గారెసేగో ఒక చెడ్డ మనిషిగా మాత్రమే మిగిలి, అతను తయారైన తీరు కనిపించకుండా పోతుంది. పైగా అదే ఊరిలో, అదే చరిత్ర నుంచి వచ్చిన పాల్ తెబోలో అనే బడి ప్రిన్సిపాల్ భార్యను గౌరవిస్తూ, ఇరుగుపొరుగును ఆదుకుంటూ బతుకుతాడు. చరిత్ర మనిషిని వంచిన మాట నిజమే గానీ మళ్ళీ తనను తాను నిలబెట్టుకునే శక్తి కొందరికి ఉందని హెడ్ అతని ద్వారా చూపుతుంది. చివరికి ప్రాణాల మీదికి తెచ్చిన వస్తువు ఏమిటో గమనించారా? పెద్దకొడుకు బనబోతే మంచి శ్రేణిలో ప్రాథమిక పరీక్ష ప్యాసైతే, ఉన్నత పాఠశాల ఫీజుకు ఆమె చేతిలో ఉన్నది చాలక, ఎన్నో ఏళ్ళ తరువాత భర్తను అడుగుతుంది. అతను ఇవ్వకపోగా, పాల్‌తో సంబంధం అంటగట్టి, ఇంటికి వచ్చి పడుకుంటానని కబురు పెడతాడు. ఆ రాత్రి ఆమె కత్తి పట్టింది. పూర్వీకులిచ్చిన మగ అహంకారం, పై చదువు ఉంటే తప్ప మంచి బతుకు లేదనే కొత్త లెక్క, జీతం చేతిలో ఉన్నవాడి దర్పం ఆ ఫీజు దగ్గర ఒక్కచోట కలిశాయి.

మన భాషలోని కథ ఒకటి పక్కన పెట్టుకుంటే ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. గురజాడ అప్పారావు 1910లో ‘ఆంధ్రభారతి’లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ మీకు తెలిసే ఉంటుంది. సాని పాట మోజులో పడి అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది. లోకహితం కోసం మీటింగులకు వెళ్తున్నానని అతను చెప్పినవన్నీ అబద్ధాలని తెలుసుకున్నానని ఆమె అందులో రాస్తుంది. మీటింగు అన్న ఆ మాటను గమనించండి. వలస పాలనలో పుట్టిన కొత్త ప్రజాజీవితమే భర్తకు కొత్త సాకును సమకూర్చింది. చదివిన ఆడదాని గొప్పతనాన్ని నౌకరు రాముడికి చెప్పవలసి వచ్చినప్పుడు, శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చిన సంగతితో పాటు, ఇంగ్లీషువాడు భార్యను ‘బెటర్ హాఫ్’ అంటాడని కూడా గోపాలరావు సాక్ష్యం తెస్తాడు. శివుడి మాట ఒక్కటే చాలనిపించలేదు ఆ చదువుకున్నవాడికి. కానీ ఇక్కడ కొలబద్ద కమలిని చేతిలో ఆయుధంగా కూడా మారింది. భర్త చెప్పించిన చదువుతోనే ఆమె ఉత్తరం రాసింది, ఆ ఉత్తరంతోనే అతన్ని దారికి తెచ్చింది. అందువల్ల వలస పాలన తెచ్చినదంతా గాయమేనని రాస్తే ఈ కథ మీకు అడ్డు వస్తుంది. అదే సమయంలో, 1890ల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో సాగిన సానిమేళాల వ్యతిరేకోద్యమం నీడ దీని మీద ఉంది. ఇల్లాలు గెలిచిన ఈ కథలో, పాట పాడిన ఆ స్త్రీకి ఒక్క మాటైనా లేదు. సంస్కరణ ఖర్చు ఎవరు భరించారన్న ప్రశ్నను మీ వ్యాసం అడిగితే సంతోషిస్తాను.

దేశ విభజన కథల గురించి ఎక్కువ రాయను, వాటి మీద ఇప్పటికే చాలా విమర్శ వచ్చింది. 1947 జులై 8న మొదటిసారి భారతదేశంలో అడుగుపెట్టిన బ్రిటిష్ న్యాయవాది రాడ్‌క్లిఫ్ గీసిన రేఖ ఆగస్టు 17న బయటపడింది. సాదత్ హసన్ మంటో ‘టోబా టేక్ సింగ్’లో పిచ్చాసుపత్రిలో ఉన్న బిషన్ సింగ్ తన ఊరు ఏ దేశంలో ఉందో తేల్చుకోలేక రెండు సరిహద్దుల నడుమ కూలిపోతాడు. ఝుంపా లాహిరి 1999 నాటి సంపుటిలోని ‘వెన్ మిస్టర్ పిర్జాదా కేమ్ టు డైన్’ అదే రేఖను 1971 నాటి అమెరికాలోని ఒక భోజనాల బల్ల మీదికి తెస్తుంది. తమ భాషే మాట్లాడి, తమ తిండే తినే ఢాకా పెద్దమనిషి పిర్జాదా తమ దేశస్థుడు ఎందుకు కాడో భారతీయ కుటుంబంలోని పదేళ్ళ లిలియాకు ఎంతకీ బోధపడదు. ఢాకా సమయం చూపే చిన్న గడియారాన్ని ఆయన భోజనం పక్కన పెట్టుకోవడం, బడి గ్రంథాలయంలో పాకిస్తాన్ గురించిన పుస్తకం తెరిచినందుకు టీచరు ఆ అమ్మాయిని మందలించడం, ఈ రెండు ఘట్టాలను జంటగా చదవండి.

వ్యాసానికి నాలుగు కథలకు మించి తీసుకోవద్దని నా సలహా. బెస్సీ హెడ్ కథను నడుమ ఉంచి, దానికి ఒక పక్క రీస్‌నూ మరో పక్క గురజాడనూ పెట్టి, ఐడూ వంటవాడి కథను నాలుగోదిగా తీసుకోండి. ప్రతి కథకూ ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఆ ఇంట్లో లేనివారు ఎవరు, సిగ్గుపడుతున్నది ఎవరు, ఆ సిగ్గుకు ముడిపడిన వస్తువు ఏది. తరువాత, వలస పాలన రాకముందు కూడా అదే ఇంట్లో అదే మనిషి సిగ్గుపడి ఉండేవాడా అని ప్రశ్నించుకొని, అవునన్న చోట అవునని, కాదన్న చోట కాదని, కథలో ఉన్న వాక్యాల ఆధారంతో రాయండి. డికెలేడీ విషయంలో జవాబు కొంత అవును, కొంత కాదు అని వస్తుంది. ఆ రెండింటి పాలు ఎంతెంతో తేల్చే పేరా రాయడానికి మీకు అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, దాన్ని చివరికి వదలకుండా ముందే రాసి పెట్టుకోండి.